మందు మాత్రం వెయ్య...

3, సోమవారం

నిన్న బావమరిదిని సెంటర్లో చేర్పించి వచ్చాం. తాగుడు మాన్పించే చోటు. మా ఆవిడ ఇంటికొచ్చి చేతిసంచీ కూడా దించకుండా పెరట్లోకి వెళ్ళి, తమ్ముడి చేపల ముందు నిలబడి ఏడ్చింది. ఓదార్చడం చేతకాక నేను కుళాయి కట్టేసి ఉందో లేదో రెండుసార్లు చూసొచ్చాను.

పోయిన తడవ కొన్నాళ్ళు మానేసినప్పుడు వాడు తన చేతులతో తవ్వి కట్టుకున్న గుంట అది. మా ఆవిడ కొలను అంటుంది. వాడు పాండ్ అంటాడు. నాకు మాత్రం అది గుంటే. చుట్టూ రాళ్ళు పేర్చాడు, పంపు పెట్టాడు, ఒక మూల ప్లాస్టిక్ డ్రమ్ములో స్పాంజీలు కుక్కి దాన్ని ఫిల్టర్ అన్నాడు. ఎర్రవి, తెల్లవి, మచ్చలవి, కోయి అనే రంగు చేపలు తెచ్చి వదిలాడు. అన్నిటికన్నా పెద్దదానికి 'పెద్దాయన' అని పేరు. ఈ ఇంట్లో నాకు దక్కని మర్యాద దానికి దక్కింది.

నిన్న డాక్టరు మా ఆవిడతో అన్నాడు: "ఇంటికొచ్చాక పొద్దున్నే మంచం దిగడానికి ఆయనకో కారణం ఉండాలమ్మా. అది లేకపోతే మా దగ్గర ఎన్నాళ్ళుంచినా ఒకటే." ఆవిడ వెంటనే "చేపలున్నాయండీ" అంది. అలా చేపలు నా మెడకు చుట్టుకున్నాయి. ఆవిడ పొద్దున్నే స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతుంది, నాదేమో ఇంటి ముందు గదిలోనే మందుల షాపు. తప్పించుకునే దారి లేదు.

సెంటర్ గేటు దగ్గర వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "చిటికెడు తిండి వెయ్యి బావా. అవి ఎంత జాలి మొహం పెట్టినా ఇంకా వెయ్యకు. ఫిల్టర్ ఆగకుండా చూడు." అంతే చెప్పాడు. అక్కకి ఒక్క మాటా చెప్పలేదు.

ఈసారి వాడు నిలబడాలి. నాకు వాడి మీద కోపమే, కానీ నిలబడాలి. మళ్ళీ జారితే మా ఆవిడ తట్టుకోలేదు. వాడూ మిగలడని డాక్టరు మొహమాటం లేకుండానే చెప్పాడు.

4, మంగళవారం

తిండి వేశాను. తిన్నాయి. దీనికి రాయడానికేముంది!

6, గురువారం

పంపులోంచి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. ఆగకుండా చూడమన్నాడు కదా అని డ్రమ్ము మూత తీశాను. కంపు గుప్పుమంది. స్పాంజీల నిండా గోధుమరంగు బురద, వేలు పెడితే జిగట. ఈ కంపులోంచి దిగే నీళ్ళలో ఆ చేపలు బతకాలట! చేపల పెంపకం అంటూ ఇన్నాళ్ళూ వాడు చేసింది ఇదన్నమాట.

శుభ్రత నాకు ఒకరు నేర్పక్కర్లేదు. షాపులో అరల మీద దుమ్ము కనిపిస్తే నాకు అన్నం సహించదు. స్పాంజీలన్నీ బయటి కుళాయి కింద పిండాను, వేడి నీళ్ళలో నానబెట్టాను, మళ్ళీ పిండాను. డ్రమ్ము కడిగాను. రాళ్ళకి పట్టిన పాకుడు బ్రష్షుతో గీకేశాను. నడుం పట్టేసింది కానీ పంపు ధారగా దూకింది.

సాయంత్రం ఆవిడ చూసి "అబ్బ, అద్దంలా ఉందండీ" అంది. ఆవిడ నన్ను మెచ్చుకునే సందర్భాలు అరుదు కాబట్టి రాసిపెట్టుకుంటున్నాను.

8, శనివారం

తిండి వేస్తే పైకి రాలేదు. కడుపు నిండి ఉంటుంది. వేసింది నీళ్ళ మీద అలాగే తేలుతోంది.

9, ఆదివారం

పొద్దున చూసేసరికి చేపలన్నీ పంపు నీళ్ళు పడే చోట గుంపుగా చేరి, పైకి మూతులు పెట్టి గాలి మింగుతున్నాయి. మచ్చల చేప ఒకటి రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. తెల్లదాని పొట్ట మీద ఎర్రటి గీతలు, పైన సన్నటి పొర. పెద్దాయన ఒక్కడే అడుగున కదలకుండా ఉన్నాడు.

ఆదివారాలు సెంటర్ నుంచి ఫోన్ చేసుకోనిస్తారు. పక్కన వార్డెన్ కూర్చుని స్పీకర్లో వింటాడు. వాడి ఫోన్ వచ్చేసరికి నేను పెరట్లోనే ఉన్నాను, ఆవిడ నా పక్కనే చెవి ఒగ్గి ఉంది.

"బావా, ఎలా ఉన్నాయి?"

నేను ఎలా ఉన్నావురా అని కూడా అడగలేదు. "బాలేవురా. పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒకదాని ఒంటి మీద ఎర్ర గీతలున్నాయి."

వాడు గాభరాగా, "మందేశావా?"

"ఇంకా లేదు. షెడ్డులో నీ సీసా ఉందిగా, అదేనా?"

"విను బావా. మందు మాత్రం వెయ్య..."

టక్కున తెగిపోయింది.

తిరిగి చేస్తే వార్డెన్ ఎత్తాడు. "ఏం మనుషులండీ మీరు? వాడేమో మందేశావా అంటాడు, మీరేమో షెడ్డులో సీసా ఉందంటారు. పక్కన మేమున్నామన్న భయం కూడా లేదా?"

"అది చేపల మందండీ బాబూ! చేపలకి!"

"ఓహో. మందులోకి చేపలు కూడానా?" అని పెట్టేశాడు.

మామూలప్పుడైతే నవ్వేవాణ్ణి. మా ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది. "వాడేమన్నాడండీ చివర్న?" అని అదే పనిగా అడుగుతోంది.

ఏమన్నాడు? 'వెయ్య...' అన్నాడు. వెయ్యి అనబోయాడా, వెయ్యకు అనబోయాడా? వెయ్యాలి? వెయ్యొద్దు? మన భాషలో ఔనో కాదో మాట చివర్లో గానీ తేలదు, ఆ చివరే తెగిపోయింది. 'మందు మాత్రం వెయ్యి, మర్చిపోకు' అని మనం అంటాం. 'మందు మాత్రం వెయ్యకు' అనీ అంటాం. ఆ 'మాత్రం' ఎటు పిలిస్తే అటు వెళ్తుంది.

"వద్దన్నట్టే ఉందండీ వాడి గొంతు" అంది ఆవిడ.

"జబ్బు పడినదానికి మందు వద్దనే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా?" అన్నాను.

10, సోమవారం

ఆవిడ స్కూలుకి వెళ్ళాక వేశాను. షెడ్డులో ఉన్న నీలం మందు, దాంతో పాటు షాపులోంచి యాంటీబయాటిక్ బిళ్ళలు పొడి చేసి కలిపాను. మనుషులకి బరువును బట్టి ఇస్తాం, ఇక్కడ గుంటలో నీళ్ళని బట్టి లెక్క కట్టాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చేస్తాను. నీళ్ళు ఆకాశం రంగుకి తిరిగి, కాసేపటికి తేటబడ్డాయి.

వాడు వెయ్యి అనే అన్నాడు. ఆ 'య్య' తర్వాత సన్నగా 'యి' వినిపించింది కూడా. ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే స్పష్టంగా వినిపిస్తోంది.

వేళ్ళకి నీలం అంటుకుంది. సబ్బుకి పోవడం లేదు.

11, మంగళవారం

తెల్లది పోయింది. ముందే పోయేలా ఉంది కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. గోడ పక్క గులాబీ మొక్క కింద పాతిపెట్టాను. ఆవిడకి చెప్పలేదు. స్కూల్లో పరీక్షల హడావిడిలో ఉంది, ఎందుకు బాధపెట్టడం!

12, బుధవారం

మచ్చలది, ఇంకొకటి. వయసు మీద పడి ఉంటుంది.

ఆవిడ వంటింట్లోంచి "చేపలెలా ఉన్నాయి?" అని అడిగింది. "తేరుకుంటున్నాయి" అన్నాను. "వేళ్ళేంటి అలా ఉన్నాయి?" అంటే షాపులో ఇంకు ఒలికిందన్నాను. ఇంకు సీసాలు ఇంకా ఎవరు వాడుతున్నారని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే గొంతులో వెలక్కాయ పడేది.

13, గురువారం

సెంటర్ నుంచి ఫోన్. ఆదివారం మాటల మీద గొడవ పెద్దదైంది. ఇంట్లో దాచిన సీసా గురించి వాడు బయటివాళ్ళతో మాట్లాడాడని రాసుకున్నారు. వాడికి ఇక ఫోన్ లేదు. తోటివాళ్ళతో కలవనివ్వడం లేదు. ఇంటికి పంపే విషయం కూడా మళ్ళీ ఆలోచిస్తామన్నారు. వాడు చేపల గురించే అన్నాడని చెప్పబోతే, "మీరే వచ్చి డాక్టరుగారికి చెప్పుకోండి" అన్నారు.

ఆవిడ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. "ఒక్క మాట అండీ, ఒక్క మాట పట్టుకుని!" అంటుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. వాడు చేపల కోసం నోరు తెరిచి ఇరుక్కున్నాడు. నేను ఇక్కడ ఆ చేపల్నే పాతిపెడుతున్నాను. ఇవాళ ఆవిడ మొహం చూడలేకపోయాను.

14, శుక్రవారం

మందు మోతాదు సరిపోలేదు. పెంచాను. కోర్సు మధ్యలో ఆపకూడదు.

15, శనివారం

ఈ రోజు ఒక్కటే పోయింది. మిగిలినవే తక్కువ.

16, ఆదివారం

సెంటర్‌కి వెళ్ళాం.

ముందు డాక్టరు గదిలో పంచాయితీ. వార్డెన్ నిలబడి, "మందు, సీసా, షెడ్డు, మూడూ ఒకే ఫోన్లో సార్" అన్నాడు, నేరం రుజువైనట్టు. నేను మందుల షాపువాణ్ణని చెప్పాను. పొద్దున లేచింది మొదలు నా నోట్లోంచి వచ్చేది ఆ మాటేనని, దగ్గుకీ మందే, చీమలకీ మందే, చేపలకీ మందే, మీ వాళ్ళు తాగేదీ మందే అయితే ఆ తప్పు నాది కాదని చెప్పాను. డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. వార్డెన్ నవ్వలేదు. మొత్తానికి కాగితం మీద ఆ మాట కొట్టేశారు. వచ్చే శనివారం ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు. ఆవిడ అక్కడికక్కడే డాక్టరుకి చేతులెత్తి దండం పెట్టింది.

తర్వాత వాణ్ణి తెచ్చి మా ఎదురుగా కూర్చోబెట్టారు. చిక్కిపోయాడు, కానీ కళ్ళు తేటగా ఉన్నాయి. చాలా ఏళ్ళ తర్వాత వాడి కళ్ళలో తెలుపు చూశాను. ముగ్గురికీ టీ ఇచ్చారు.

వాడు మొదట అడిగింది: "వెయ్యలేదు కదా బావా?"

"లేదు" అన్నాను.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నోట్లోంచి. నేను ఆగి ఆలోచించుకోనైనా లేదు.

"హమ్మయ్య. వెయ్యకు అనేలోపు కట్ చేశారు." వాడు టీ గ్లాసు పక్కన పెట్టి ముందుకి వంగాడు. "పాండ్‌లో మనం చూసుకోవాల్సింది చేపల్ని కాదు బావా, నీళ్ళని. ఫిల్టర్లో జిగట ఉంటుంది చూడు, అందులో మంచి క్రిములుంటాయి. చేపలు వదిలే విషాన్ని అవే తినేస్తాయి. అవి పోతే చేపలు తమ మురికిలో తామే ఊపిరాడక చస్తాయి. నోళ్ళు తెరుస్తున్నాయన్నావుగా, అప్పుడే అనుకున్నా, ఎవరో స్పాంజీలు కడిగేశారని. దాని మీద మందు కూడా పడితే మిగిలిన మంచి క్రిములు కూడా గల్లంతే. తిండి ఆపెయ్యి. పట్టి ఉంచిన నీళ్ళతో రోజూ కాస్త కాస్త మార్చు. ఇంకేం చెయ్యకు."

షాపులో రోజూ నేను చెప్పే మాట అది. "ఈ బిళ్ళలతో కడుపులో మంచి క్రిములు కూడా పోతాయమ్మా, పెరుగు బాగా తినండి." చీటీ తెచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తాను. చెప్పి చెప్పి అరిగిపోయిన మాట. గుంట దగ్గర నాకది తట్టనే లేదు.

"పెద్దాయన?" అన్నాడు.

"దివ్యంగా ఉన్నాడు."

పక్కన మా ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చింది. మందు వేసిన సంగతి ఆవిడకీ తెలియదు కదా. నేను టీ తాగాను. వాడు నా చేతుల వైపు చూసి, కిటికీ వైపు తిరిగి, ఇక్కడ భోజనంలో ఉప్పు వెయ్యరని ఏదో కబురు ఎత్తుకున్నాడు.

17, సోమవారం

షాపు తెరవడానికి ముందు నీళ్ళు మార్చాను. ముందు రోజే డ్రమ్ముల్లో పట్టి ఉంచాను. మధ్యాహ్నం మళ్ళీ మార్చాను. తిండి ఆపాను. మందు ఆపాను. చెయ్యాల్సిందంతా ఇప్పుడు చేస్తున్నాను.

18, మంగళవారం

పట్టుబడ్డాను. తలనొప్పని ఆవిడ స్కూలు నుంచి మధ్యలోనే వచ్చేసింది. నేను గులాబీ మొక్క దగ్గర పార పట్టుకుని, పక్కన కాగితంలో చుట్టిన చేపతో ఉన్నాను. నీళ్ళు నమలడానికి కూడా వ్యవధి లేకపోయింది.

ఆవిడ నన్ను దాటుకుని కొలను దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు వంగి చూసింది. పెద్దాయన, మూల రాతి కింద చిన్నవి కొన్ని. అంతే.

"వేశారు కదూ" అంది.

"జబ్బు చేసింది. మందు వెయ్యక ఏం చెయ్యను?"

"నేను వద్దన్నట్టుంది అన్నాను. ఆదివారం వాడు మీ మొహంలోకి చూసి అడిగాడు. నా ముందే 'లేదు' అన్నారు." ఆవిడ అరవలేదు. అరిస్తే నాకు సులువుగా ఉండేది. "శనివారం వాడొచ్చి ఏం చూస్తాడండీ? ఇవి చూసి మళ్ళీ అటు పోతే? అప్పుడెక్కడికి తీసుకెళ్ళను వాణ్ణి?"

ఇలాంటివే కొని తెచ్చి వదిలేద్దామన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు రాయడం నాకు చేతకాదు. "వాడికి ఒక్కో చేపా తెలుసండీ. పిల్లల్ని మార్చి పెడితే తల్లికి తెలియదా?" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

20, గురువారం

నీళ్ళు మార్చాను. ఆవిడ మాట్లాడటం లేదు. పెద్దాయన కొద్దిగా పక్కకి ఒరిగి ఈదుతున్నాడు. నిద్ర మత్తు అనుకుంటాను.

21, శుక్రవారం

నిద్ర మత్తు కాదు.

22, శనివారం

వాడొచ్చాడు. బ్యాగు వరండాలో పడేసి నేరుగా కొలను దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ వంటింటి కిటికీలోంచి, నేను తలుపు దగ్గర్నుంచి చూస్తున్నాం.

పెద్దాయన రాతి పక్కన ఒక వైపుకి పడి ఉన్నాడు. మొప్పలు కదులుతున్నాయి, అంతే. వాడు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి దాన్ని నిటారుగా నిలబెట్టాడు. వదిలితే మళ్ళీ పడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు.

"మిగతావి?" అన్నాడు, తల తిప్పకుండా.

"పోయాయిరా. రాతి కింద చిన్నవి కొన్నే మిగిలాయి."

తల ఊపాడు. ఎలా అని అడగలేదు. ఎప్పుడని అడగలేదు. నేను నాలుగు రోజులుగా తయారు చేసి పెట్టుకున్న సంజాయిషీ నోట్లోనే ఉండిపోయింది. భోజనానికి పిలిస్తే వచ్చాడు, కంచం ముందు కూర్చున్నాడు, మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చున్నాడు. సాయంత్రం టీ తాగాడు. ఏడవలేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. ఇంతకు ముందు వాడు తాగడానికి వెళ్ళే ముందు ఇలాగే ఉండేవాడు.

గేటుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఆవిడ చూసింది.

23, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున షాపులో ఉన్నాను. ఒక ముసలావిడ చీటీ ఇచ్చి నిలబడి ఉంది. లోపలి తలుపులోంచి బావమరిది వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కౌంటర్ మీద చేతులు ఆనించి, నా వైపు చూడకుండా, "బావా, లవంగ నూనె ఉందా?" అన్నాడు.

నాకు నెత్తురు తలకెక్కింది. లవంగం ఎందుకు అడుగుతారో నాకు తెలియదా? అదే రకం మనుషులు రోజూ వస్తారు షాపుకి. లవంగాలు, యాలకులు, నోరు పుక్కిలించే నీళ్ళు. ఇంటికెళ్ళే ముందు వాసన చంపుకోవడానికి. గేటుకి తాళం ఉంది, అయినా గోడ ఎంత ఎత్తని!

"ఎందుకురా? కంపు తెలియకుండానా?" అన్నాను. ముసలావిడ ఉందని కూడా చూసుకోలేదు. "ఒక్క రోజు! ఒక్క రోజైనా ఆగలేకపోయావు కదరా! మీ అక్క ఆ డాక్టరు ముందు చేతులెత్తి దండం పెట్టింది నీ కోసం. సిగ్గుందా?"

వాడు కౌంటర్ మీంచి ముందుకి వంగి, నోరు తెరిచి, నా మొహం మీదకి ఊపిరి వదిలాడు. నిదానంగా, పూర్తిగా.

"చూడు బావా."

టీ వాసన. అంతే. పొద్దున మా ఆవిడ ఇచ్చిన టీ.

ముసలావిడ అటు తిరిగి గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

"పెద్దాయనకి" అన్నాడు. "ఇంక లేవడు. లోపలంతా కాలిపోయింది. అలా ఊపిరి లాగుతూ ఇంకా రెండు రోజులుంటాడేమో. లవంగ నూనె నీళ్ళలో కలిపితే నొప్పి తెలియకుండా నిద్రపోతాడు. చేపల డాక్టరు చెప్పాడు ఒకసారి. ఉంటే ఇవ్వు. లేకపోతే వేరే షాపుకి వెళ్తాను, తాళం తియ్యి."

నా చేతులు వాటంతట అవే అర మీదకి వెళ్ళాయి. సీసా తీశాను. ముసలావిడకి ఆమె మందులిచ్చి పంపేసి షట్టర్ దించాను. ఆమె ఏ మందులు తీసుకుందో నాకు గుర్తు లేదు, రేపు చీటీ చూసి సరిచూసుకోవాలి.

పెరట్లో వాడు అప్పటికే తొట్టిలో కొలను నీళ్ళు పట్టి ఉంచాడు. గోరువెచ్చటి నీళ్ళలో నూనె వేసి పాలలా తెల్లబడేదాకా గిలకరించాలన్నాడు. అది నేను చేశాను. ఆ పని నాకు వచ్చు. వాడు రెండు చేతులతో పెద్దాయన్ని ఎత్తి తెచ్చాడు, తొట్టిలో పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు పొయ్యి బావా. కొంచెం కొంచెం" అన్నాడు.

పోశాను. పెరడంతా లవంగం వాసన. పెద్దాయన ఒకసారి తోక ఆడించాడు, తర్వాత మొప్పలు నెమ్మదించాయి. వాడు దాని వీపు మీద వేలితో రాస్తున్నాడు. ఏదో అంటున్నాడు దానితో, నాకు వినపడలేదు. మిగిలింది కూడా పొయ్యమన్నట్టు తల ఊపాడు. పోశాను. మొప్పలు ఆగాక కూడా వాడు చాలాసేపు వదల్లేదు.

"నేను మందు వేశానురా" అన్నాను.

"తెలుసు."

"మీ అక్క చెప్పిందా?"

"సెంటర్లోనే తెలిసింది. టీ గ్లాసు పట్టుకున్నావుగా. వేళ్ళు నీలంగా ఉన్నాయి."

"మరి అక్కడే అడగలేదేం?"

"అడిగితే దాని మీద నువ్వు ఇంకోటి చెప్పాల్సొచ్చేది" అన్నాడు. "దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి. ఆ బాధ నాకు తెలుసు బావా. నేను చేసింది అదేగా ఇన్నేళ్ళూ."

నేను ఏడ్చాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా బావమరిది ముందు ఏడవడం ఇదే మొదటిసారి. వాడు ఓదార్చలేదు. వాడికీ చేతకాదు. లేచి వెళ్ళి పార తెచ్చాడు. గులాబీ మొక్క వైపు కాకుండా కొలను పక్కనే తవ్వాడు. ఇద్దరం పాతిపెట్టాం. నేను జేబులోంచి తాళంచెవి తీసి వాడికిచ్చాను. వాడు దాన్ని రాతి మీద పెట్టాడు.

చేతులు కడుక్కుని మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి, "బావా, నాకిప్పుడు తాగాలని ఉంది" అన్నాడు.

ఎప్పుడూ అనలేదు ఆ మాట. ఎన్నిసార్లు తాగాడో అన్నిసార్లూ ముందు చెప్పకుండానే వెళ్ళాడు. ఇదివరకైతే తిట్టేవాణ్ణి, ఆవిడని కేకేసేవాణ్ణి, ఒక బిళ్ళ తెచ్చి నోట్లో పెట్టేవాణ్ణి. ఏ అరలో ఏముందో అన్నీ తలుచుకున్నాను కూడా. "ఏం చెయ్యమంటావురా?" అని అడిగాను.

"ఏం చెయ్యకు. కూర్చో."

పక్కన కూర్చున్నాను. మా ఆవిడ తలుపు దగ్గరికి వచ్చింది, మమ్మల్ని చూసింది, ఏమీ అడక్కుండా వెళ్ళి తనూ కింది మెట్టు మీద కూర్చుంది. కొలనులో మిగిలిన చిన్నవి రాతి కిందనుంచి ఒకసారి బయటికొచ్చి మళ్ళీ దూరాయి. షట్టర్ ఎవరో కొడుతున్నారు. కొట్టి కొట్టి వెళ్ళిపోయారు.

చాలాసేపయ్యాక "ఇంకా ఉందా?" అని అడిగాను.

"ఉంది."

ఎండ గోడ మీదకి జరిగింది. మళ్ళీ అడిగాను.

"ఉంది బావా. నువ్వు అడక్కు. ఊరికే ఉండు."

ఉన్నాను.